మాత్ర మొదలుపెట్టి నెల కావస్తోంది, నీరసం తగ్గట్లేదు: హైపోథైరాయిడ్ ఉన్నవాళ్ళు కాస్త చెప్పండి

తెనాలి కోడలు:
అందరికీ నమస్కారం. నాకు 29 ఏళ్ళు. పోయిన నెల రక్తపరీక్ష చేయిస్తే టీఎస్‌హెచ్ (థైరాయిడ్ ఎలా పనిచేస్తోందో చూసే పరీక్ష) 48 వచ్చింది, ఫ్రీ టీ4 (రక్తంలో థైరాయిడ్ హార్మోన్) తక్కువ, యాంటీ టీపీఓ (థైరాయిడ్ మీద ఒళ్ళే తయారుచేసే యాంటీబాడీలు) బాగా ఎక్కువ. హైపోథైరాయిడ్, అంటే థైరాయిడ్ గ్రంథి తక్కువ పనిచేస్తోందన్నారు, 75 మైక్రోగ్రాముల మాత్ర రాశారు, జీవితాంతం వేసుకోవాలన్నారు, రెండు నిమిషాల్లో బయటికి వచ్చేశాం. రోజూ పొద్దున్నే వేసుకుంటున్నాను కానీ నీరసం అలాగే ఉంది. మధ్యాహ్నం అన్నం తిన్నాక కళ్ళు నిలవవు, నిలబడి గిన్నెలు కడగాలంటే కాళ్ళు లాగేస్తాయి, జుట్టు దువ్వితే దువ్వెన నిండా వస్తోంది, ఈ ఎండల్లో కూడా ఫ్యాన్ తగ్గించమంటే ఇంట్లో అందరూ విచిత్రంగా చూస్తారు. నెలసరి వస్తే పది రోజులు ఆగట్లేదు. ఒళ్ళు కూడా వచ్చింది. మా అత్తగారు చెడ్డమనిషి కాదు, కానీ ఆవిడకి ఇది జబ్బులా కనపడదు. "జ్వరమా ఏమన్నానా, లేచి నాలుగు పనులు చేసుకుంటే అదే పోతుంది" అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా ఏడుపొస్తుంది, ఈ మధ్య ఏ మాటా అనకపోయినా వస్తోంది. మాత్ర నాకు పడలేదా? క్యాబేజీ మానేయాలా? రేపు పిల్లలు పుడతారా? ఇవన్నీ ఎవరిని అడగాలో తెలియక ఇక్కడ అడుగుతున్నా.

విశాఖ నర్సు:
చెల్లీ, నువ్వు బద్ధకస్తురాలివి కావు. టీఎస్‌హెచ్ 48 తో ఇంటి పని చేసుకుంటూ వచ్చావంటే అదే పెద్ద విషయం. థైరాక్సిన్ అనేది థైరాయిడ్ గ్రంథి తయారుచేసే హార్మోన్, నీ మాత్రలో ఉండేదీ అదే. అది ఒంట్లో ప్రతి అవయవానికీ కావాలి, అది తగ్గితే గుండె నిదానిస్తుంది, పేగులు నిదానిస్తాయి, చర్మం పొడిబారుతుంది, చలి ఎక్కువవుతుంది, మనసు కూడా మందగిస్తుంది. టీఎస్‌హెచ్ థైరాయిడ్ నుంచి వచ్చేది కాదు, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి నుంచి వస్తుంది. గొంతు దగ్గరి గ్రంథి పలకకపోతే పిట్యూటరీ వేసే కేక అది, పలకనికొద్దీ ఆ కేక పెరుగుతుంది. అందుకే నీ గ్రంథి తక్కువ పనిచేస్తుంటే ఆ అంకె ఎక్కువైంది.

ఇక మాత్ర సంగతి. ఇది తలనొప్పి మాత్రలాగా గంటలో తెలిసేది కాదు. థైరాక్సిన్ రక్తంలో సగానికి తగ్గడానికే దాదాపు వారం పడుతుంది, అంటే రోజూ వేసుకుంటూ పోతే ఒంట్లో ఒక స్థాయిలో నిలబడటానికి ఐదారు వారాలు కావాలి. అందుకే డాక్టర్లు ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత మళ్ళీ పరీక్ష చేయిస్తారు, అప్పుడు మోతాదు మారుస్తారు. నెలలోపే పనిచేయలేదని అనుకోకు. కొంతమందికి ముందు మలబద్ధకం తగ్గుతుంది, తర్వాత మొహం మీద వాపు, జుట్టు మాత్రం అన్నిటికన్నా చివర, కొన్ని నెలలు పడుతుంది. చాలామంది జుట్టు చూసుకుని మందు పనిచేయట్లేదనుకుంటారు.

ఊరికే ఏడుపు రావడం కూడా ఈ జబ్బులో ఉన్నదే. అయినా మరీ బరువుగా అనిపించినా, బతకాలనిపించకపోయినా, 14416 కి ఫోన్ చెయ్యి, ప్రభుత్వం వాళ్ళ టెలీ మానస్, తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులు అక్కర్లేదు.

బెజవాడ మెడికల్ షాపు:
అమ్మా, ఎలా వేసుకుంటున్నారో ఒకసారి చెప్పండి. మా షాపుకి వచ్చేవాళ్ళలో చాలామంది "పరగడుపునే వేసుకుంటున్నా" అంటారు, అడిగితే మాత్రతోపాటు కాఫీ తాగుతుంటారు. కాఫీ కూడా మందుని ఒంటికి సరిగ్గా పట్టనివ్వదు. మంచినీళ్ళతో వేసుకుని కనీసం అరగంట, వీలైతే గంట ఆగాలి, తర్వాతే కాఫీ అయినా టిఫిన్ అయినా. అన్నిటికన్నా ఎక్కువ అడ్డం వచ్చేవి క్యాల్షియం, ఐరన్ మాత్రలు. వాటికీ దీనికీ నాలుగు గంటల తేడా ఉండాలి. గ్యాస్ మాత్ర రోజూ వేసుకునేవాళ్ళు ఆ సంగతి డాక్టరుకి చెప్పాలి, పాంటాప్రజోల్ లాంటివి ఎక్కువకాలం వాడితే థైరాక్సిన్ పట్టడం తగ్గుతుంది.

ఇంకొకటి, మన ఎండలు. సీసాని వంటింట్లో పొయ్యి పక్కన అలమారలో, కిటికీ గట్టు మీద పెట్టకండి. వేడి, వెలుతురు, తేమ మూడూ ఈ మందుకి పడవు. లేబుల్ మీద ఎంత ఉష్ణోగ్రత లోపల ఉంచాలో రాసి ఉంటుంది, చదవండి. సీసాలోంచి తీసి నెలకి సరిపడా ప్లాస్టిక్ డబ్బాలో పోసుకోవడం కూడా మంచిది కాదు. థైరోనార్మ్, ఎల్ట్రాక్సిన్, థైరాక్స్, ఏ కంపెనీదైనా లోపల ఉండేది లెవోథైరాక్సినే, అంటే మందుగా తయారుచేసిన థైరాక్సిన్. జన్ ఔషధి షాపుల్లో చవగ్గా కూడా దొరుకుతుంది. కాకపోతే ఒకదానికి అలవాటుపడ్డాక నెలకొకటి మార్చొద్దు, మార్చాల్సి వస్తే ఆరు వారాలకి టీఎస్‌హెచ్ చూపించుకోండి.

తెనాలి కోడలు:
అన్నయ్యా, నాకు రక్తం తక్కువని ఐరన్ మాత్ర కూడా రాశారు. రెండూ పొద్దున్నే వేసుకోమని చీటీలో ఉంది, అలాగే వేసుకుంటున్నా.

బెజవాడ మెడికల్ షాపు:
ఇవాళ్టినుంచే ఐరన్ ని మధ్యాహ్నం భోజనం అయ్యాకో రాత్రికో మార్చేయండి అమ్మా. మీ డాక్టరుకి కూడా ఒక ఫోన్ చేసి చెప్పండి, ఎందుకంటే రేపు టీఎస్‌హెచ్ చూసి మోతాదు పెంచేటప్పుడు ఆయనకి ఈ సంగతి తెలిసి ఉండాలి.

కరీంనగర్ డ్రైవర్:
ఇక్కడ అందరూ ఆడవాళ్ళే రాస్తున్నారు కాబట్టి చెప్తున్నా, మగవాళ్ళకి కూడా వస్తుంది. నేను బస్సు నడుపుతాను. రెండేళ్ళ కింద రాత్రి డ్యూటీలో కళ్ళు మూతపడటం మొదలైంది, గొంతు బొంగురుపోయింది, పిక్కలు పట్టేసేవి, అరచేతులు తిమ్మిర్లు. సిగరెట్ వల్లనే గొంతు పోయిందని ఇంట్లో వాళ్ళ గోల. ఆరోగ్య పరీక్షలో కొలెస్ట్రాల్ 290 వస్తే దానికి మందు మొదలుపెట్టారు. ఆ మందుతో పిక్కలు ఇంకా పట్టేసినయ్. తర్వాత ఒక పెద్ద డాక్టరు మోకాలి కింద సుత్తితో కొట్టి చూసి, కాలు నిదానంగా వెనక్కి పోతుంటే థైరాయిడ్ చేయించమన్నాడు. టీఎస్‌హెచ్ 70 పైన ఉంది. థైరాయిడ్ మందు వాడినంక కొలెస్ట్రాల్ కూడా చాలావరకు దిగింది. మగవాడు అలసటగా ఉందని చెప్తే వయసు అంటారు, మందు తాగుతాడు అంటారు, థైరాయిడ్ అని ఎవరికీ తట్టదు. బండి నడిపేవాళ్ళు, మిషన్ల మీద పనిచేసేవాళ్ళు దయచేసి ఈ నిద్రమత్తుని తేలిగ్గా తీసుకోవద్దు. నేను పై అధికారిని అడిగి మందు పట్టేదాకా పగటి డ్యూటీ వేయించుకున్నా. అడగడానికి మొహమాటపడకండి, నలభై మంది ప్రాణాలు మన చేతుల్లో ఉంటాయి.

ప్రకృతి బాట:
అందరూ మందులే చెప్తున్నారు. తెనాలి అమ్మాయీ, ధనియాలు రాత్రి నానబెట్టి పొద్దున్నే ఆ నీళ్ళు మరిగించి తాగు. గోధుమలు, పాలు, క్యాబేజీ, కాలీఫ్లవర్ మానెయ్. మూడు నెలల్లో మాత్ర అవసరం ఉండదు. మా చుట్టాలావిడ మాత్ర ఆపేసి ఏడాదైంది, బాగానే ఉంది. జీవితాంతం మందు మీద ఆధారపడటం ఏం బతుకు?

వరంగల్ ఆడబిడ్డ:
అన్నా, మీరు మంచి మనసుతోనే చెప్తున్నారని నాకు తెలుసు, కానీ ఇక్కడ కొత్తగా జబ్బు తెలిసిన పిల్ల ఉంది, అందుకే గట్టిగా చెప్పాల్సి వస్తోంది. మా పిన్ని ఇట్లాగే ఒకరి మాట విని మాత్ర పక్కన పెట్టింది. మొదట రెండు మూడు నెలలు ఏమీ కాలేదు, అందరికీ "చూశారా" అని చెప్పుకుంది కూడా. నిదానంగా మొహం ఉబ్బింది, మాట ముద్దగా అయింది, పిలిస్తే పలకడానికి సేపు పట్టేది. చలికాలంలో ఒకరోజు లేపితే లేవలేదు. ఆసుపత్రిలో ఐసీయూలో పెట్టారు, ఒళ్ళంతా చల్లగా ఉంది, నాడి బాగా తక్కువ కొడుతోంది. బతికింది, కానీ ఇప్పటికీ ఆ రోజు మాట ఎత్తితే మా బాబాయి చేతులు వణుకుతాయి. ఈ జబ్బులో ఉన్న ప్రమాదం అదే, మందు ఆపిన వెంటనే ఏమీ తెలియదు, ఒంట్లో ఉన్నది కరిగేదాకా బాగానే ఉంటుంది, కాబట్టి కషాయం పనిచేసిందనుకుంటారు.

ధనియాల నీళ్ళు తాగండి, ఎవరూ వద్దనరు. మాత్ర మాత్రం ఆపొద్దు.

కర్నూలు డాక్టరు:
ఆధారపడటం గురించి ఒక మాట చెప్తాను. గ్రంథి తయారుచేయాల్సిన పదార్థమే మాత్రలో ఉంది, బయటినుంచి తెచ్చి ఒంటికి అలవాటు చేసే మత్తు ఏదీ అందులో లేదు. యాంటీ టీపీఓ ఎక్కువగా ఉన్న తెనాలి అమ్మాయిది హాషిమోటో అనే రకంలా ఉంది, అందులో మన రోగనిరోధక శక్తే గ్రంథిని దెబ్బతీస్తుంది. 1912లో జపాన్ వైద్యుడు హకారు హాషిమోటో దీన్ని మొదట వర్ణించాడు, అందుకే ఆ పేరు. దెబ్బతిన్న గ్రంథి మళ్ళీ పూర్తిగా కోలుకోవడం పెద్దవాళ్ళలో అరుదు. కాన్పు తర్వాత వచ్చే థైరాయిడ్ వాపు, వైరస్ జ్వరం తర్వాత వచ్చేది, ఇలాంటివి కొన్ని తాత్కాలికం, వాటిలో మాత్ర ఆపగలం. ప్రకృతి బాట గారి చుట్టాలావిడది ఆ రకం అయి ఉండొచ్చు, చూడకుండా నేను చెప్పలేను. ఆపొచ్చా లేదా అన్నది డాక్టరు పరీక్షలు చూసి తేల్చాల్సిన విషయం.

క్యాబేజీ, కాలీఫ్లవర్ వండుకుని మామూలుగా తింటే ఏ ఇబ్బందీ లేదు. పచ్చిగా బుట్టలకొద్దీ తినేవాళ్ళు మన ఇళ్ళల్లో ఎవరూ ఉండరు. సజ్జలే ప్రధాన ఆహారంగా రోజూ మూడు పూటలా తినేచోట్ల, అందులోనూ అయోడిన్ తక్కువైనచోట్ల, గాయిటర్ (థైరాయిడ్ గ్రంథి ఉబ్బి గొంతు దగ్గర వాపు రావడం) సమస్య కనిపించింది కానీ వారానికి రెండు సజ్జరొట్టెలకి భయపడక్కర్లేదు. సోయా మాత్రం మాత్ర వేసుకున్న వెంటనే వద్దు.

మన దేశంలో ఇది ఎంత మామూలో తెలిస్తే తెనాలి అమ్మాయికి కాస్త ధైర్యం వస్తుంది. 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో హైదరాబాద్ తో సహా 8 నగరాల్లో 5,376 మందిని పరీక్షిస్తే 10.95 శాతం మందికి హైపోథైరాయిడ్ కనిపించింది. అంటే మీ వీధిలో కూడా ఉంటారు, చెప్పుకోరు అంతే.

సిక్కోలు మాస్టారు:
డాక్టరుగారు అయోడిన్ మాట తెచ్చారు కాబట్టి మా జిల్లా మనిషి గురించి రాయకుండా ఉండలేను. శ్రీకాకుళంలో 1921లో పుట్టి విశాఖ ఆంధ్రా మెడికల్ కాలేజీలో చదివిన వులిమిరి రామలింగస్వామి గారు హిమాలయాల కింద కాంగ్రా లోయలో ఏళ్ళ తరబడి పనిచేశారు. ఆ లోయలో పిల్లల దగ్గరనుంచి ముసలివాళ్ళ దాకా గొంతు దగ్గర పెద్ద వాపులు. 1956లో మొదలుపెట్టి ఉప్పులో అయోడిన్ కలిపి పంచి చూశారు, అయోడిన్ ఉప్పు తిన్న ఊళ్ళల్లో గాయిటర్ బాగా తగ్గింది. ఆ పని ఆధారంగానే 1962లో కేంద్రం జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. ఇప్పుడు మనం కొనే ప్యాకెట్ ఉప్పు మీద అయోడైజ్డ్ అని ఉండటం వెనక ఒక తెలుగు డాక్టరు చెమట ఉంది.

ఎందుకు చెప్తున్నానంటే ఈ మధ్య మా స్కూల్లో టీచర్లు చాలామంది ఆరోగ్యం అని సైంధవ లవణానికి మారిపోయారు. దాంట్లో విడిగా కలిపితే తప్ప అయోడిన్ సరిపడా ఉండదు. పిల్లలున్న ఇల్లు, గర్భిణులున్న ఇల్లు అయోడిన్ ఉప్పు మానడం నాకు నచ్చదు. అలాగని హాషిమోటో ఉన్నవాళ్ళు విడిగా అయోడిన్ చుక్కలు, సముద్రపు నాచు మాత్రలు కొనుక్కుని మింగడం కూడా కూడదు, ఎక్కువైనా గ్రంథికి చేటే.

ఇంకొక సంగతి. 1891లో ఇంగ్లండులో జార్జ్ ముర్రే అనే డాక్టరు గొర్రె థైరాయిడ్ రసం తీసి ఈ జబ్బు ముదిరిన ఒకావిడకి ఇంజెక్షన్ చేశాడు. ఆవిడకి అప్పుడు 46 ఏళ్ళు. మందు వాడుతూ 74 ఏళ్ళ దాకా బతికింది. అప్పట్లో గొర్రె గ్రంథి దొరికితేనే బతుకు, ఇవాళ చిన్న తెల్ల మాత్ర. జీవితాంతం వాడాలా అని బాధపడేవాళ్ళకి మా క్లాసులో చెప్పినట్టే ఇది చెప్తుంటాను.

పాలమూరు పిల్ల:
నేను చాలా రోజులనుంచి చదువుతూనే ఉన్నా, ఎప్పుడూ రాయలేదు. నాకు 25. ఇంటర్ నుంచి మాత్ర వాడుతున్నా, టీఎస్‌హెచ్ ఎప్పుడూ 2, 3 దగ్గరే ఉంటుంది, ఉద్యోగం చేసుకుంటున్నా, మామూలుగానే ఉన్నా. ఇప్పుడు సంబంధాలు చూస్తున్నారు. అమ్మ సీసాని బీరువాలో బట్టల కింద దాచమంటోంది. "పెళ్ళయ్యాక చెప్దాంలే, ముందే చెప్తే ఎవరూ రారు" అంటోంది. అమ్మని తప్పు పట్టలేను, పోయిన ఏడాది ఒక సంబంధం ఈ మాట వినగానే వెనక్కి వెళ్ళింది. కానీ పెళ్ళయిన మర్నాడు పొద్దున్నే బాత్రూంలో దాక్కుని మాత్ర వేసుకోవడం నావల్ల కాదు. మీరంతా ఏం చేశారు?

వరంగల్ ఆడబిడ్డ:
తల్లీ, ఈ మాట అడిగినందుకు నీకు దండం పెట్టాలి, ఎంతోమంది ఇదే పెట్టుకుని కూర్చున్నారు. నేను చెప్పే పెళ్ళి చేసుకున్నా. పెద్దవాళ్ళ ముందు అమ్మానాన్నలు చెప్పలేకపోతే, అబ్బాయితో నువ్వే మాట్లాడు. "నాకు థైరాయిడ్ ఉంది, రోజూ ఒక మాత్ర వేసుకుంటా, రిపోర్టులు నార్మల్, పిల్లలకి అడ్డం కాదు" అని మామూలుగా చెప్పెయ్, తలవంచుకుని నేరం ఒప్పుకున్నట్టు చెప్పకు. మా ఆయన అప్పుడు ఒకే ప్రశ్న అడిగారు, మా అమ్మకి కూడా ఉంది, ఏ కంపెనీది వాడతావు అని.

పాతబస్తీ బాజీ:
మా ఇళ్ళల్లో కూడా అచ్చం ఇదే బేటీ. రిష్తా వచ్చినప్పుడు సీసాలు దాచడం. వెళ్ళిపోయిన ఆ సంబంధం గురించి బాధపడకు. రేపు నీకు కాన్పులో ఏదైనా అయితే ఆ మనిషి ఎలా నిలబడేవాడో ముందే తెలిసింది.

విశాఖ నర్సు:
దాచడంలో ఇంకో ప్రమాదం ఉంది, నేను వార్డులో చూసిందే చెప్తున్నా. దాచిన అమ్మాయిలు కొత్త కాపురంలో మాత్ర మానేస్తారు, లేదా వీలు దొరికినప్పుడు వేసుకుంటారు. సరిగ్గా అప్పుడే గర్భం వస్తుంది. గర్భంలో మొదటి మూడు నెలలు బిడ్డకి సొంత థైరాయిడ్ పనిచేయదు, మెదడు ఎదగడానికి కావలసిన థైరాక్సిన్ అంతా తల్లినుంచే రావాలి. అందుకని పాలమూరు పిల్ల వాళ్ళ అమ్మగారికి ఇది చదివి వినిపించినా పర్వాలేదు: దాచాల్సిన పనే లేదు, పెళ్ళి తర్వాత ఈ మాత్ర ఇంకా శ్రద్ధగా వేసుకోవాలి, అది పుట్టబోయే మనవడికోసం.

కాకినాడ అమ్మ:
పిల్లల మాట వచ్చింది కాబట్టి. మా పాపకి పుట్టుకతోనే థైరాయిడ్ గ్రంథి లేదు. నాకు ఏ జబ్బూ లేదు, గర్భంలో ఏ ఇబ్బందీ రాలేదు. పుట్టిన మూడో రోజు మడమ మీద గుచ్చి రక్తం చుక్క తీసుకున్నారు, అప్పుడు ఎందుకో కూడా నాకు తెలియదు. వారం తిరక్కుండా ఫోన్ వచ్చింది. మొదటి రెండు వారాల్లో మందు మొదలుపెడితే పిల్లలు మామూలుగా ఎదుగుతారు, నెలలు గడిస్తే మెదడుకి జరిగే నష్టాన్ని మళ్ళీ పూడ్చలేం. మాత్రని చెంచాలో నలిపి కొంచెం నీళ్ళలోనో నా పాలలోనో కలిపి పట్టేదాన్ని, సీసాలో పాలలో కలపొద్దని చెప్పారు, మొత్తం తాగకపోతే మోతాదు పోతుందని. ఇప్పుడు మూడో తరగతి, ఎక్కాలు నాకన్నా వేగంగా చెప్తుంది. మాత్ర వాళ్ళ నాన్న మర్చిపోతే అదే గుర్తుచేస్తుంది.

కాన్పుకి వెళ్ళేవాళ్ళందరూ, ప్రభుత్వ ఆసుపత్రి అయినా ప్రైవేటు అయినా, "పాపకి మడమ రక్తం పరీక్ష చేస్తారా" అని నోరు తెరిచి అడగండి. అన్నిచోట్లా వాళ్ళంతట వాళ్ళు చేయరు.

డాలస్ నుంచి:
కాకినాడ అమ్మగారూ, ఇక్కడ అమెరికాలో పుట్టిన ప్రతి బిడ్డకీ ఆ పరీక్ష చేస్తారు, మన దగ్గర కూడా అలా వస్తే ఎంత బాగుంటుందో. ఇటువైపు వచ్చే తెలుగువాళ్ళకి ఒక సంగతి, ఇక్కడ మాత్ర రంగుని బట్టి మోతాదు తెలుస్తుంది, 50 తెల్లగా, 100 పసుపుగా ఉంటాయి. ఇండియాలో అలా కాదు, కాబట్టి అమ్మావాళ్ళు వచ్చినప్పుడు రంగు చూసి పోల్చకండి, మైక్రోగ్రాములు చదవండి. ప్రిస్క్రిప్షన్ మీద కంపెనీ పేరుతోపాటు లెవోథైరాక్సిన్ అని కూడా రాయించుకుని తెచ్చుకుంటే ఇక్కడి డాక్టరుకి అర్థమవుతుంది. మా నాన్నగారికి 76, అక్కడ ఎవరో టీఎస్‌హెచ్ 6.5 చూసి మాత్ర మొదలుపెట్టమన్నారు, ఇక్కడ డాక్టరు వద్దన్నారు. ఎవరి మాట వినాలో తెలియట్లేదు.

కర్నూలు డాక్టరు:
వయసుతోపాటు టీఎస్‌హెచ్ కొంచెం పెరగడం సహజం. టీ4 మామూలుగా ఉండి టీఎస్‌హెచ్ 10 లోపు ఉంటే పెద్దవాళ్ళలో తరచుగా మందు ఇవ్వకుండా కనిపెట్టి ఉంటాం. 65 దాటిన 737 మంది మీద ఐరోపాలో చేసిన పరీక్ష 2017లో వచ్చింది, ఇలాంటివాళ్ళలో మాత్ర ఇచ్చినా నీరసం తదితర లక్షణాల్లో తేడా కనపడలేదు. మోతాదు ఎక్కువైతే పెద్ద వయసులో గుండె లయ తప్పుతుంది, ఎముకలు గుల్లబారతాయి. రెండు నెలల తర్వాత మళ్ళీ టీఎస్‌హెచ్, టీ4 చేయించి అక్కడి డాక్టరుగారితోనే మాట్లాడండి.

పాతబస్తీ బాజీ:
రోజా ఉండేవాళ్ళకోసం రాస్తున్నా. రంజాన్ లో నేను ఇఫ్తార్ తిన్నాక మూడు గంటలు ఏమీ తినకుండా ఉండి పడుకునేముందు మాత్ర వేసుకుంటా. మా చెల్లెలు సహర్ కి (తెల్లవారుజాము భోజనానికి) అరగంట ముందు లేచి వేసుకుంటుంది. ఏదో ఒకటి పెట్టుకోండి, నెలంతా అదే పాటించండి. రాత్రి వేసుకోవడం మామూలు రోజుల్లో కూడా కుదురుతుంది, పొద్దున్నే పిల్లల టిఫిన్ డబ్బాల హడావిడిలో మర్చిపోయేవాళ్ళకి ఇదే నయం. డాక్టరుని అడిగే మార్చుకోండి.

తెనాలి కోడలు:
చాలా రోజులకి వచ్చాను. మొన్న పరీక్ష చేయించుకున్నా. టీఎస్‌హెచ్ 9 కి దిగింది! మాత్ర 88 కి పెంచారు. ఐరన్ మాత్రని రాత్రికి మార్చాక మార్పు తెలిసింది, డాక్టరుగారికి చెప్తే ఆయన కూడా మంచిపని అన్నారు. ఫెర్రిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ చూసే పరీక్ష) కూడా చేయించారు, బాగా తక్కువ ఉంది. నీరసంలో దాని వాటా కూడా ఉందట, థైరాయిడ్ ఒక్కటే కాదట. నెలసరి ఈసారి ఆరు రోజుల్లో ఆగింది. జుట్టు ఇంకా రాలుతోంది కానీ నర్సు అక్క చెప్పింది కాబట్టి టెన్షన్ పడట్లేదు.

బరువు మాత్రం రెండు కిలోలే తగ్గాను. ఇంకా తగ్గుతానా?

విశాఖ నర్సు:
48 నుంచి 9! చాలా సంతోషం చెల్లీ. బరువు విషయంలో నిజం చెప్తాను. హైపోథైరాయిడ్ వల్ల పెరిగేది మామూలుగా రెండు నుంచి ఐదు కిలోలు, అందులో ఎక్కువ భాగం ఒంట్లో నిలిచిన నీరు, ఉప్పు. అది మందుతో పోతుంది. అంతకన్నా పెరిగింది మాత్రం తిండి, నడకతోనే తగ్గాలి. మాత్ర ఎక్కువ వేసుకుంటే సన్నబడతామని కొందరు సొంతంగా మోతాదు పెంచేసుకుంటారు, గుండె దడ, చేతులు వణకడం, నిద్రపట్టకపోవడం వస్తాయి, దయచేసి ఎవరూ ఆ పని చేయొద్దు.

గుంటూరు వదిన:
తెనాలి అమ్మాయీ, మీ అత్తగారి మాట రాశావు కదా, అప్పట్నుంచీ రాద్దామనుకుంటున్నా. నేనూ అత్తగారినే, నాకూ ఈ జబ్బే. మా కాలంలో ఎవరూ పరీక్ష చేయలేదు, నా రెండో కాన్పు తర్వాత నాలుగేళ్ళు మంచానికి అతుక్కుపోయినట్టు గడిచింది, అందరూ బద్ధకం అన్నారు, నేనూ అదే నమ్మాను. నీకు అభ్యంతరం లేకపోతే మీ అత్తగారితో నేను ఫోన్లో మాట్లాడతాను. నీ వయసువాళ్ళు చెప్తే వినకపోవచ్చు కానీ తన ఈడుది చెప్తే వింటుంది. నంబర్ ఇక్కడ పెట్టకు, విడిగా మెసేజ్ పంపించు.

తెనాలి కోడలు:
వదినా, నిన్న మీరు మాట్లాడాక అత్తయ్య సాయంత్రం వచ్చి నా మాత్ర సీసా చేతిలోకి తీసుకుని "ఇది ఎప్పుడు వేసుకోవాలి, ఎంతసేపు కాఫీ ఇవ్వకూడదు" అని అడిగారు. ఎక్కువేం మాట్లాడలేదు. ఇవాళ పొద్దున నా కాఫీ గంట తర్వాతే కలిపారు. మీకు ఎలా చెప్పాలో తెలియట్లేదు.

పాలమూరు పిల్ల:
అమ్మకి నర్సు అక్క రాసింది చదివి వినిపించా. సీసా బీరువాలోంచి బయటికి వచ్చింది. మొన్న వచ్చిన అబ్బాయికి నేనే చెప్పా, ఆలోచించుకుని చెప్తా అన్నాడు. ఏదైనా సరే, చెప్పాక ఊపిరి తేలిగ్గా ఉంది.

తెనాలి కోడలు:
మంచి పని చేశావు పాలమూరూ. నర్సు అక్కా, ఒక్కటి అడుగుతా. మేం ఈ ఏడాది చివర్లో పిల్లలకోసం అనుకుంటున్నాం. ముందుగా ఏం చూసుకోవాలి?

విశాఖ నర్సు:
ముందు టీఎస్‌హెచ్ 2.5 లోపుకి రానివ్వు, ఐరన్ కూడా సర్దుకోనివ్వు, అప్పుడు ప్రయత్నించండి. నెల తప్పిందని తెలిసిన రోజే డాక్టరుకి ఫోన్ చెయ్యి, తర్వాతి అపాయింట్‌మెంట్ దాకా ఆగకు, ఎందుకంటే గర్భంలో మోతాదు సాధారణంగా 25 నుంచి 50 శాతం దాకా పెరగాల్సి వస్తుంది, అది మొదటి వారాల్లోనే. ఆ తర్వాత సగం నెలలు నిండేదాకా నాలుగు వారాలకోసారి పరీక్ష. గర్భిణులకిచ్చే ఐరన్, క్యాల్షియం మాత్రలు వస్తాయి, వాటికి నాలుగు గంటల తేడా మర్చిపోకు. కాన్పయ్యాక మోతాదు మళ్ళీ పాతదానికి తగ్గిస్తారు, ఆరు వారాలకి ఇంకోసారి చూస్తారు. పాలిచ్చేటప్పుడు కూడా ఈ మాత్ర వేసుకోవచ్చు, భయం లేదు. మీ అమ్మగారికి, చెల్లికి కూడా ఒకసారి టీఎస్‌హెచ్ చేయించు, హాషిమోటో ఇంట్లో ఒకరికి ఉంటే మిగతావాళ్ళకి వచ్చే అవకాశం ఎక్కువ.

తెనాలి కోడలు:
88 మొదలుపెట్టి ఆరు వారాలయ్యాక మళ్ళీ పరీక్ష ఉంది అక్కా, అమ్మని చెల్లినీ కూడా ఆ రోజే తీసుకెళ్తా. రిపోర్టులు రాగానే ఇక్కడ రాస్తాను.